కట్ చెప్పని షాట్

"మళ్ళీ వెయ్యి" అంది రూబీ.

అశ్విత ల్యాప్‌టాప్ మీద వేలు కదిపింది. ఆత్మకూరు బస్టాండు వెనక ఒక మేడగదిలో ముగ్గురే ఉన్నారు. రూబీ వాచీలో ఉదయం తొమ్మిదీ నలభై అయింది.

తెర మీద సోమశిల జలాశయం. మే నెల ఎండలకు నీళ్ళు బాగా తగ్గి, ఎన్నడో మునిగిపోయిన ఊరి మొండిగోడలు బయటపడి ఉన్నాయి. తెల్లచొక్కా తొడుక్కున్న ముసలాయన ఒకడు వీపు చూపిస్తూ నీళ్ళలోకి నడుస్తున్నాడు. మోకాళ్ళదాకా, తొడలదాకా, నడుందాకా. అక్కడ ఆగి, ఇదే మా వాకిలి అన్నట్టు చెయ్యి చాపాడు. ఇంకొక్క అడుగు వేశాడు. అంతే, మనిషి లేడు. నీళ్ళు కాసేపు కదిలి సర్దుకున్నాయి. ఆ నీళ్ళనే చూస్తూ కెమెరా రెండు నిమిషాల నలభై సెకన్లు ఉండిపోయింది. గాలి లేదు, పిట్ట లేదు, నీటి గలగల కూడా లేదు. తర్వాత పేర్లు వచ్చాయి.

'నీళ్ళడుగు వాకిలి' అనే ఈ పద్దెనిమిది నిమిషాల సినిమా ఇంకో తొమ్మిది రోజుల్లో కలకత్తాలో ఒక ఫెస్టివల్లో ఆడబోతోంది. మూడువేల సినిమాలు వస్తే పన్నెండు ఎంచారనీ, అందులో ఇదొకటనీ అశ్విత చెప్పింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఉదయగిరి. మొదటి సినిమా.

"ఈ ఆఖరు షాటుకి సౌండు ఎందుకు లేదు?"

"నేనే తీసేసినాను మేడమ్. ఆ సైలెన్స్ గురించే జ్యూరీవాళ్ళు మెయిల్ రాసినారు, చాలా బాగుండాదని."

"సినిమా అంతా కీచురాయి కూడా వినపడతా ఉండాది. ఒక్క ఇక్కడే ఎందుకు?"

అశ్విత నీళ్ళ సీసా అందుకుంది. రూబీ జవాబు కోసం ఆగలేదు. తెర మీద కదిలిపోతున్న పేర్లను వేలితో చూపించింది.

"కెమెరా భరత్. ఎడిటింగు, డైరెక్షను నువ్వు. సౌండు చేసినవాడి పేరు ఏది?"

"వాడే తీసెయ్యమన్నాడు."

"ఎప్పుడు?"

"సెలెక్టయినామని తెలిసిన రోజు సాయంత్రం."

రూబీ పద్నాలుగేళ్ళు పోలీసు శాఖలో చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా రాజీనామా ఇచ్చి, నెల్లూరులో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. నలభై ఒక్కేళ్ళు. మనుషులు తమ పేరు ఎక్కడైనా రాయించుకోవడానికి పడే తాపత్రయం ఆమె చాలా చూసింది. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, జీవితంలో మొదటి పెద్ద పిలుపు వచ్చిన రోజున, నా పేరు చెరిపెయ్యమన్నాడంటే ఆమెకు మింగుడు పడలేదు.

ఆ కుర్రాడు సాయికిరణ్. పన్నెండు రోజుల కిందట ఉదయగిరి కోట గోడ మీద నుంచి పడి చనిపోయాడు. కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. చేజర్లలో ఉన్న అతని తల్లి కామాక్షమ్మ ఆ మాట నమ్మలేదు. "మేం గొర్లోళ్ళం. నా బిడ్డ నడక నేర్చిందే మేకల ఎనకాల, బండల మీద" అని రూబీ ఆఫీసుకు వచ్చి కూర్చుంది. పోలీసులు తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వెయ్యనంది.

రూబీ కిటికీ దగ్గర నిలబడ్డ మూడో మనిషి వైపు తిరిగింది. భరత్. కెమెరా అతనిదే, ఖర్చూ అతనిదే. తండ్రి రామనారాయణ మాట చేజర్ల చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ కాదనరు. మంచి చొక్కా, మర్యాదైన గొంతు.

"ఆ రోజు కోట మీదికి ఎందుకు పోయినారు?"

"ఫెస్టివల్‌వాళ్ళు డైరెక్టర్ రెండు నిమిషాలు మాట్లాడిన వీడియో అడిగినారు మేడమ్. కోటలో ఆ కమాను కింద తీస్తే బాగుంటాదని ముగ్గురం పోయినాం."

"టైము చెప్పు."

"మూడుకి పైకెక్కినాం. నాలుగున్నరకి అయిపోయింది. నేనూ అశ్వితా దిగేసినాం. కింద కారుకాడికి వచ్చేసరికి ఐదుంబావు. ఆ పిల్ల ఇంటికి నడిచిపోయింది. నేను ఎలబారినాను."

"సాయికిరణ్?"

"రూమ్ టోన్ తీసుకుని వస్తానన్నాడు. మనుషులు లేనప్పుడు ఆ చోటు సౌండు ఒకటి పట్టుకుంటారు మేడమ్, ఎడిటింగులో అతుకు కనపడకుండా. పొద్దుగుంకే ముందు గాలి ఆగుతాది, అప్పుడు తీస్తానన్నాడు. వాడి బండి వాడికి ఉండాది."

"తరవాత నువ్వు ఎక్కడ ఆగినావు?"

"ఇక్కడే, బస్టాండు కాడ టీ తాగినా. ఆరున్నర."

"టీకి ఫోన్లో కొట్టింటావు కదా. టైము చూపించు."

భరత్ జేబు దాకా పోయిన చెయ్యి అక్కడే ఆగింది. "ఆ రోజు చిల్లర ఇచ్చినాను మేడమ్."

"నిన్న నేను దిగిన లాడ్జీకాడ టీకి కూడా ఫోన్లోనే కొట్టినావు. చూసినాను."

"ఒక్కోరోజు జేబులో చిల్లర ఉంటాది" అన్నాడు భరత్, నవ్వు చెదరకుండా. గోడ గడియారం చూసి తాళాలు తీసుకున్నాడు. "నేను చేజర్ల పోయి రావాల. కామాక్షమ్మగారికి ఒకసారి సినిమా చూపిద్దామని అశ్విత అంటా ఉండాది. పెద్దదినం అయి చుట్టాలంతా నిన్ననే పోయినారు. రెండు గంటలకి ఇక్కడికి తీసుకొస్తా."

రూబీ సరే అంది. కొడుకు చేసిన పని ఆ తల్లి చూడటంలో తప్పేముంది అనుకుంది. భరత్ కారు కదిలినప్పుడు పదీ పదిహేను.

"ఆఖరు షాటు అసలు క్లిప్పు చూపించు, కోత పెట్టకముందుది" అంది అశ్వితతో.

అశ్విత తటపటాయించి తెరిచింది. మొదట క్లాప్ పలక వచ్చింది. సుద్దతో రాసి ఉంది: సీను ముప్పై ఒకటి, టేకు ఒకటి, మే పద్నాలుగు.

"రెండో టేకు?"

"లేదు మేడమ్. ఒకటే టేకు."

"ఆ తాత ఇప్పుడు ఎక్కడుండాడు?"

"తిరుపాలు తాతా? చచ్చిపోయినాడు. షూటింగు అయిపోయినాక, వలకి పోయి" అంది అశ్విత. ఆమె చూపు తెర మీద నుంచి లేవలేదు.

* * *

కోట మెట్ల దగ్గరికి చేరేసరికి పదకొండూ యాభై. ఆ కమాను దాకా అరగంట ఎక్కాలి. అశ్విత ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ముందు నడిచింది. రూబీ ప్రతి మలుపులోనూ వాచీ చూసుకుంటూ ఎక్కింది. ఎక్కడానికి ముప్పై రెండు నిమిషాలు పట్టింది. కుర్రవాళ్ళయితే పాతిక చాలు.

కమాను లోపలి గది మూడువైపులా మూసుకుని ఉంది. లోపల అడుగుపెట్టగానే గాలి ఆగిపోయింది. అక్కడి నుంచి నలభై అడుగుల్లో విరిగిన గోడ, దాని అవతల లోయ. రూబీ గోడ దగ్గరికి నడిచింది. చీరకొంగు ఎగిరి మొహాన కొట్టుకుంది.

"మైకు పట్టుకున్నవాడు ఇక్కడ ఎందుకు నిలబడతాడు?" అని అడిగింది గట్టిగా, గాలిలో మాట వినిపించాలని.

"నిలబడడు మేడమ్" అంది అశ్విత. "గాలంటే వాడికి చిరాకు. ఫ్యాను తిరిగినా ఒప్పుకోడు. లోపలే కూర్చుని ఉండాల."

రూబీ నేల చూసింది. పన్నెండు రోజుల్లో వాన పడలేదు గానీ జనం తిరిగారు, అడుగుజాడల వల్ల లాభం లేదు. సంచిలోంచి నిన్న సంపాదించిన ఫొటోలు తీసింది. శవం పక్కన పగిలిన రికార్డరు. దాన్ని దగ్గరగా తీసిన ఫొటో. కార్డు పెట్టే అర ఖాళీ. అర మీద చిన్న మూత. మూత వేసి, గొళ్ళెం నొక్కి ఉంది.

వెనక బూట్ల చప్పుడు వినిపించింది.

"రూబీ, దిగు. నువ్వు చూడాల్సింది ఇక్కడేం లేదు."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కోటేశ్వర్. రొప్పుతున్నాడు. ఒకప్పుడు ఆమె అతని కింద పనిచేసింది. ఒక కేసులో అతను రాసిన రిపోర్టు తప్పని ఆమె కోర్టులో ఒప్పుకుంది. అప్పటి నుంచి ఇద్దరికీ పడదు.

"నమస్తే సార్. మీరే ఎక్కి వచ్చినారే."

"వొచ్చేటట్టు చేసినావు గదా. ఆ ముసల్దాన్ని వేలిముద్ర వెయ్యొద్దని నువ్వేనంట నేర్పినావు? నా ఫైలు పన్నెండు రోజులుగా టేబుల్ మీద ఉండాది."

"నేను నేర్పలా. ఆమెకే నమ్మకం లేదు. సార్, ఈ ఫొటో ఒకసారి చూడండి. కార్డు ఏది?"

"రెండొందల అడుగుల మీంచి పడింది. ఎగిరిపోయింటాది."

"మూత వేసినాక ఎగిరిపోయిందా?"

కోటేశ్వర్ ఫొటో అందుకున్నాడు. ఒక నిమిషం చూశాడు. మొహంలో ఏదో కదిలింది గానీ గొంతు మారలేదు.

"పడినప్పుడు మూసుకునుంటాది."

"గొళ్ళెం కూడా దానంతట అదే పడిందా? సార్, మీరు నాకు నేర్పిన పనే నేను చేస్తా ఉండాను."

"నాకు పాఠం చెప్పబాక." అతను ఫొటో తిరిగి ఇచ్చేశాడు. "ఈ సినిమా పిల్లకాయలకి నక్క ముఖం చూసిన రోజే లేదు. మే నెలలో ఆ తిరుపాలు మునిగిపోయె, ఇప్పుడు వీడు జారిపోయె. దానికీ నువ్వు హత్య అని పేరు పెడతావేమో."

"తిరుపాలు ఎప్పుడు పోయినాడు సార్?"

"పదహారు పొద్దున తేలినాడు. డాక్టరు రెండు దినాలయింది నీళ్ళలో పడి అని రాసినాడు. ఒంటరోడు, అడిగేవోళ్ళు లేరు. వలకి పోయి పడింటాడని అనుకున్నాం. వీళ్ళని కూడా అడిగినాంలే. పదమూడుకే షూటింగు ముగించుకుని పోయినామని స్టేట్‌మెంటు ఇచ్చినారు."

రూబీ మనసులో లెక్క వేసింది. పదహారులోంచి రెండు తీస్తే పద్నాలుగు. పలక మీద సుద్దతో రాసిన తేదీ. ఒకటే టేకు. నడుంలోతు నీళ్ళలో, మోకాలు వంచకుండా, తల దించకుండా, నిలువునా మాయమైన మనిషి.

దూరంగా కమాను నీడలో అశ్విత సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఈ మాటలు ఆమెకు వినపడే దూరం కాదు.

"అరగంట టైమిస్తా ఉండా" అన్నాడు కోటేశ్వర్. "నేను కింద జీపుకాడ ఉంటా. దిగకపోతే, పనికి అడ్డం పడినావని నీ మీదే కేసు రాస్తా."

అతను దిగిపోయాడు. పన్నెండూ యాభై ఐదు.

* * *

రూబీ కమాను లోపలికి వచ్చింది. అడగాల్సిన ప్రశ్న నాలుక మీదే ఉంది. కానీ ఎదురుగా ఉన్న పిల్ల ఏ పక్షమో తెలియదు. ముందు వేరే లెక్క తేల్చుకోవాలనుకుంది.

"ఆ రోజు సాయికిరణ్ తెచ్చిన సామాను చెప్పు."

"రికార్డరు, మైకు తగిలించే బూమ్ కర్ర, హెడ్‌ఫోన్సు, కాలర్ మైకులు రెండు."

పోలీసులు స్వాధీనం చేసుకున్న వస్తువుల పట్టీ రూబీ సంచిలోనే ఉంది. తీసి చూసింది. "ఇందులో కాలర్ మైకు ఒకటే రాసినారు. అది నీ చున్నీకి పెట్టింది. రెండోది?"

"రెండోది..." అశ్విత లేచి నిలబడింది. "వాడెప్పుడూ రెండు పెడతాడు మేడమ్. ఒకటి మనిషికి, ఒకటి చోటుకి. చోటుకి పెట్టింది కనపడకుండా ఎక్కడో దాస్తాడు, ఫ్రేములో పడకూడదని."

ఇద్దరూ గోడలు తడిమారు. పాతకాలం దీపపు గూళ్ళు వరసగా ఐదున్నాయి. నాలుగింట్లో పావురాల రెట్ట. ఐదోది ఎత్తులో ఉంది. రూబీ ఒక రాయి తెచ్చుకుని దాని మీద ఎక్కి చెయ్యి పెట్టింది. వేళ్ళకు నున్నగా ఏదో తగిలింది. ఉట్టి చేత్తో పట్టుకోకుండా రుమాలు వేసి తీసింది. అగ్గిపెట్టె కన్నా చిన్నది, నల్లటిది. ఎక్కడ దొరికిందో కనపడేలా తన ఫోన్లో నాలుగు ఫొటోలు తీసింది.

"ఇందులోనే రికార్డవుతాదా?"

"అవుతాది. బ్యాటరీ అయిపోయేదాకా ఆరేడు గంటలు." అశ్విత వంగి దాని పక్కనున్న మీట చూసింది. "మేడమ్, ఆ రోజు వాడు దీన్ని ఆపలేదు."

ల్యాప్‌టాప్‌కు తీగ తగిలించారు. ఒకటే ఫైలు. మొదలైంది మధ్యాహ్నం మూడూ యాభై. రూబీ హెడ్‌ఫోన్లు తనే పెట్టుకుంది. ముందుకు జరపమని చేత్తో సైగ చేసింది. ల్యాప్‌టాప్ అశ్విత ఒళ్ళోనే ఉంది.

రెండు గంటల ఐదు నిమిషాల దగ్గర ఆగింది. అంటే ఐదూ యాభై ఐదు.

మొదట అడుగులు. తర్వాత సాయికిరణ్ గొంతు, ఆశ్చర్యంగా: "నువ్వింకా పోలేదా?"

"కార్డు ఇయ్యిరా." అది భరత్ గొంతు. పొద్దున విన్నంత మర్యాదగానే ఉంది.

"ఏ కార్డు?"

"తెలీనట్టు మాట్లాడబాక. మే నెలది. సోమశిలది."

"అది నీకియ్యను. రేపు ఫెస్టివల్‌వోళ్ళకి పంపిస్తా ఉండా. తాత యాక్టింగ్ చెయ్యలా భరత్. ఆడ పాత బావి ఉండాది, అందులోకి దిగిపోయినాడు. నా చెవుల్లో విన్నా నేను. బావి, బావి అని రెండుసార్లన్నాడు. కట్, కట్ అని అరస్తా పరిగెత్తినా. నువ్వు ఆపొద్దన్నావు. నా అరుపూ ఉండాది దాంట్లో, నీ మాటా ఉండాది. అందుకే గదా సౌండు పీకించినావు?"

"కార్డు యాడుండాది?"

"మా అమ్మ దగ్గర. నీకు దొరకదు."

అడుగులు దూరమయ్యాయి. గాలి హోరు మొదలైంది. వదులు రా, వదులు అన్న మాట ఒకటి తెగి తెగి వినిపించింది. తర్వాత రాళ్ళు దొర్లాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ అడుగులు దగ్గరికొచ్చాయి. టక్కుమని చిన్న మూత తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. కాసేపటికి ఎక్కడో లోతున ఏదో పగిలింది.

రూబీ హెడ్‌ఫోన్లు తీసింది. మొహం మామూలుగా పెట్టుకోవడానికి ఆమెకు పద్నాలుగేళ్ళ అలవాటు పనికొచ్చింది.

"ఏముండాది మేడమ్?"

"గాలి. ఏం లేదు."

అశ్విత తల ఎత్తలేదు. ఆమె కళ్ళు ల్యాప్‌టాప్ తెర మీద ఉన్నాయి. అక్కడ ఆ శబ్దమంతా నీలం గీతలుగా పరుచుకుని ఉంది, చిన్నవీ పెద్దవీ, మధ్య మధ్య ఖాళీలతో.

"గాలి గీతలు ఇట్టుండవు మేడమ్" అంది మెల్లగా. "గాలయితే గడ్డి పరిచినట్టు ఒకే తీరుగా ఉంటాది. ఇది ఆగి ఆగి ఉండాది. ఒకరు మాట్లాడతారు, ఆగుతారు, ఇంకొకరు మాట్లాడతారు. ఆర్నెల్లుగా నేను పొద్దస్తమానం చూసేది ఈ గీతలే. ఇద్దరు మనుషులున్నారు ఇందులో. ఎవరు?"

ఆమె ల్యాప్‌టాప్‌ను గుండెలకు హత్తుకుని లేచింది. విరిగిన గోడ వైపున ఆమె ఉంది. లోపలివైపు రూబీ. పరిగెత్తి ఒక్క విసురు విసిరితే చాలు, సాక్ష్యం లోయలోకి పోవడానికి. రూబీ కదలకుండా, గొంతు పెంచకుండా అడిగింది.

"తిరుపాలు మునిగినప్పుడు నువ్వు కట్ ఎందుకు చెప్పలా?"

అశ్విత ల్యాప్‌టాప్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"యాక్టింగ్ అనుకున్నా" అంది. "మొదట పది సెకన్లు నిజంగా యాక్టింగే అనుకున్నా మేడమ్. ఎంత బాగా చేసినాడు అనుకున్నా. కిరణ్ అరస్తా నీళ్ళలోకి ఉరికినాడు. భరత్ నా చెయ్యి పట్టుకుని, ఆపొద్దు, ఇట్టాంటి షాటు జన్మలో రాదన్నాడు. డైరెక్టర్ని నేను. కట్ చెప్పాల్సింది నేను. నోరు రాలేదు. కిరణ్ ఫ్రేములోకి వచ్చిన ముక్క అసలు క్లిప్పులోంచి కూడా చెరిపేసినా. అంతకు ముందు ఖాళీ నీళ్ళ ముక్క కొంచెం ఉండాది. దాన్నే సాగదీసి రెండు నిమిషాల నలభై సెకన్లు చేసింది నేనే, ఈ చేతుల్తో. పదమూడుకే అయిపోయిందని పోలీసులకి చెప్పిందీ నేనే."

"సాయికిరణ్ని?"

"వాడినా?" అశ్విత అయోమయంగా చూసింది. "వాడు జారి... మేడమ్, అందులో ఉండే రెండో మనిషి ఎవరు? నేను ఐదూ ఇరవైకి ఇంట్లో ఉన్నా."

అబద్ధం చెప్పేవాళ్ళు ముందు తమ టైము చెప్తారు, తర్వాత మనిషిని అడుగుతారు. ఈ పిల్ల మనిషిని రెండుసార్లు అడిగి తర్వాత టైము చెప్పింది. రూబీ హెడ్‌ఫోన్లు ఆమె చేతికిచ్చింది.

అశ్విత నిలబడే విన్నది. 'నువ్వింకా పోలేదా' దగ్గర కళ్ళు మూసుకుంది. రాళ్ళ చప్పుడు దగ్గర కింద కూలబడిపోయింది. ఆమె హెడ్‌ఫోన్లు తీసి రూబీ చెయ్యి పట్టుకుంది.

"కార్డు కామాక్షమ్మకాడ ఉండాదని భరత్‌కి తెలుసు. ఆయమ్మని తీసుకురమ్మని నేనే పంపించినా."

ఆ అమ్మాయే కాదు, సరే అన్నది తను కూడా. పన్నెండు రోజులుగా ఇల్లంతా చుట్టాలుంటే అతను ఆగాడు. నిన్న ఇల్లు ఖాళీ అయింది. ఈరోజు పదీ పదిహేనుకు తన కళ్ళ ముందే కారెక్కి పోయాడు.

ఫోన్లో సిగ్నల్ రెండు గీతలు చూపిస్తోంది. ప్రభువా అనుకుంటూ నొక్కింది. నాలుగు రింగుల తర్వాత కామాక్షమ్మ ఎత్తింది.

"రూబమ్మా, చెప్పు తల్లీ."

"అక్కా, యాడుండావు?"

"సోమశిలకాడ ఉండాం. ఆ బాబు ఇంటికొచ్చి కిరణుడి సామానంతా చూసుకున్నాడు. వాడు పనిచేసిన చోటు చూపిస్తా రామ్మా అంటే వొచ్చినా. పడవలో అద్దరికి పోదాం అంటా ఉండాడు."

"అక్కా, నీకు కిరణ్ ఏమన్నా ఇచ్చినాడా? చిన్న బిళ్ళలాంటిది?"

"ఆఁ, గోరంత నల్లబిళ్ళ. భద్రం మా అన్నాడు. కొంగున ముడేసుకునే తిరగతా ఉండా. ఇప్పుడే ఆ బాబు అడిగితే, ఉండాదయ్యా అని చెప్తి. ఇదో, నువ్వే మాట్లాడు. బాబూ, రూబమ్మ."

రూబీ వద్దనేలోగా ఫోను చేతులు మారింది.

"చెప్పండి మేడమ్" అన్నాడు భరత్.

వెనక నీళ్ళు గట్టుకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆలోచించుకోవడానికి రూబీకి ఒక్క ఊపిరి టైము దొరికింది. పోలీసులు వస్తున్నారంటే ఆ తల్లి నీళ్ళపాలే. బతిమాలినా అంతే. అతనికి కావలసింది ఆమె కొంగులో లేదని నమ్మించాలి.

"ఆమె కొంగులో ఉండేది ఖాళీ కార్డు భరత్. మొన్న వాళ్ళింటికి పోయినప్పుడే నేను మార్చినా. అసలుది నా దగ్గరుండాది."

"అబద్ధం" అన్నాడు భరత్.

"నమ్మకపోతే విను. బావి, బావి అని రెండుసార్లు అంటాడు తిరుపాలు. తరవాత కిరణ్ కట్ అని అరస్తాడు. నువ్వు ఆపొద్దంటావు. విన్నాను కాబట్టే చెప్తా ఉండా."

"ఎవరికిచ్చినారు?"

"ఇంకా ఎవరికీ ఇయ్యలా. ఇన్‌స్పెక్టర్ నన్ను పురుగును చూసినట్టు చూస్తాడు, నా మాట వినడు. నాకు నువ్వు కావాల, ఆ ముసలామె కాదు. ఆమెని గట్టు మీద జనం ఉండేచోట దింపి, ఒక్కడివే రా. ఆమెకి ఏమన్నా అయిందా, ఈ కార్డు నిమిషంలో టీవీలవాళ్ళ చేతిలో ఉంటాది."

"ఎక్కడుండారు?"

"కోట మీద. ఆ రోజు నువ్వు రెండోసారి ఎక్కినావే, ఆడే."

ఫోను ఆగిపోయింది.

రూబీ వెంటనే కోటేశ్వర్‌కు చేసింది. అతను ఎత్తగానే తిట్లకు లంకించుకోబోయాడు. ఆమె ఆగకుండా, ఐదు వాక్యాల్లో అంతా చెప్పింది. అవతల గెలిచావులే అన్నట్టు ఒక నిట్టూర్పు.

"కారు నెంబరు?"

అశ్విత చెప్పింది, రూబీ వినిపించింది.

"సోమశిల వోళ్ళకి ఇప్పుడే చెప్తా. యూనిఫారం లేకుండా ఇద్దరిని గట్టు మీదికి పంపమంటా. నేను పైకొస్తా ఉండా. రూబీ, ఆ మైకు నీ చేతిలోనే పెట్టుకో, పంచనామా రాసేదాకా ఎవరికీ ఇయ్యబాక." ఒక క్షణం ఆగాడు. "నాకు కూడా."

అశ్విత గోడకు ఆనుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఏం చేస్తున్నావని రూబీ అడగలేదు. తెర మీద ఫెస్టివల్‌కు రాస్తున్న ఉత్తరం కనిపించింది. మొదటి వాక్యంలో తన సినిమాను వెనక్కి తీసుకుంటున్నట్టు రాసింది. రెండోదాంట్లో తిరుపాలు పేరు ఉంది. మూడో వాక్యం రాయలేక, వేళ్ళు అక్షరాల మీద పెట్టి ఏడుస్తోంది.

రెండూ ఐదుకు రూబీ ఫోను మోగింది. కామాక్షమ్మ.

"ఏంది రూబమ్మా ఇది? ఆ బాబు నన్ను గట్టు మీద చేపలమ్మే ఆడోళ్ళకాడ దింపేసి, ఉన్నట్టుండి కారు తిప్పుకుని పోయినాడు. మనిషి మనిషిగా లేడు."

"ఆడే కూర్చో అక్కా. ఆ ఆడోళ్ళ మధ్యనుంచి లేవబాక. మావోళ్ళు వస్తా ఉండారు. కొంగు గట్టిగా పట్టుకో."

చదువు లేకపోయినా ఆ తల్లికి అర్థం కానిదేమీ లేదు.

"నా బిడ్డ సంగతి తెలిసిపోయిందా?"

"తెలిసింది అక్కా. నీ మాటే నిజం."

కామాక్షమ్మ గొంతులో ఏడుపు లేదు.

"యాడుండాడు ఇప్పుడు వాడు?"

సోమశిల నుంచి ఉదయగిరికి గంటన్నర దారి. రూబీ రుమాల్లో మూటగట్టిన మైకును రవికెలో దోపుకుని, గోడకు దూరంగా జరిగి, మెట్లకు ఎదురుగా కూర్చుంది.

"వస్తా ఉండాడు" అంది. "నా దగ్గరికే."